మ్యాగ్నమ్ తన్నుకి కళ్లు మూసుకుపోతున్నాయి, ఏ రైఫిల్ తీసుకోమంటారు?

ప్రశ్న: కొన్నేళ్లుగా .243 విన్‌చెస్టర్ రైఫిల్‌తో జింకల వేటకు వెళ్తున్నాను. గురి బాగానే కుదురుతుంది. ఈసారి ఎల్క్ (ఉత్తర అమెరికాలోని పెద్ద జింక) వేటకు పర్మిట్ వచ్చింది. మా బావగారు "ఎల్క్ అంటే మాటలు కాదు, .300 మ్యాగ్నమ్ లేకుండా రావద్దు" అంటూ బాగా శక్తిమంతమైన తూటాలు పేల్చే తన రైఫిల్ చేతికిచ్చారు. రేంజ్‌లో టేబుల్ మీద ఆనించి మూడు తూటాలు కాల్చాను. భుజం కమిలిపోయింది. మూడోసారి స్కోప్ అంచు తగిలి కనుబొమ చిట్లింది. అప్పటినుంచి నా పాత .243 పట్టుకున్నా ట్రిగ్గర్ నొక్కేలోపే కళ్లు మూసుకుపోతున్నాయి. మా ఆయన "అలవాటవుతుందిలే, ఇంకో పెట్టె కాల్చు" అంటున్నారు. బావగారేమో తన్ను తగ్గేలా బ్యారెల్ కొనకు మజిల్ బ్రేక్ బిగిద్దామంటున్నారు. షాపులో ఆడవాళ్లకు బాగుంటుందని .308 లో ఒక చిన్న రైఫిల్ చూపించారు, స్కోప్‌తో కలిపి 2.7 కిలోలే. నా బరువు 56 కిలోలు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినమంటారు?

సమాధానం: ముగ్గురి మాటా వద్దు. అందులోనూ ఆ ఇంకో పెట్టె అస్సలు వద్దు.

మీకు జరిగింది పిరికితనమేమీ కాదు. చెవి పక్కన పెద్ద పేలుడు, భుజం మీద దెబ్బ, ముఖాన రక్తం మూడూ ఒకే క్షణంలో అనుభవమైతే ఒళ్లు ఒక్కసారికే పాఠం నేర్చుకుంటుంది. తర్వాతిసారి మీరు వద్దనుకున్నా సరే, ట్రిగ్గర్ కదిలేలోపే కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది, బ్యారెల్ కొన కిందికి దిగుతుంది. షూటర్లు దీన్ని ఫ్లించ్ అంటారు. మ్యాగ్నమ్‌తో ఇంకో ఇరవై తూటాలు కాలిస్తే ఇది పోకపోగా ముదురుతుంది. దెబ్బకు కొంత అలవాటు పడటం ఉన్నమాటే, కానీ అది కింది మెట్టు నుంచి మెల్లగా ఎక్కితే వచ్చేది. .243 నుంచి ఒక్క గెంతులో .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌కి వెళ్తే రాదు.

ఆ గెంతు ఎంతదో లెక్క చూడండి. స్కోప్‌తో కలిపి 3.6 కిలోలు తూగే రైఫిల్ అనుకుందాం. ఇక్కడ చెప్పే పేర్లన్నీ తూటా రకాలవి. తూటాలోంచి బయటికి దూసుకుపోయే ముక్క బుల్లెట్, దాని బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. అందులో 100 గ్రెయిన్ల బుల్లెట్ వేసిన .243 సుమారు 9 ఫుట్-పౌండ్ల శక్తితో వెనక్కి తన్నుతుంది. 140 గ్రెయిన్ల 6.5 క్రీడ్‌మూర్ 12, అదే బరువు బుల్లెట్‌తో 7 ఎంఎం-08 రెమింగ్టన్ 13, 150 గ్రెయిన్ల .308 అయితే 15. 180 గ్రెయిన్ల .30-06 దగ్గర 20 దాటుతుంది. బావగారి .300 మ్యాగ్నమ్ 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో 28 దాకా పోతుంది. అంటే మీరు అలవాటు పడినదానికి మూడు రెట్లు. వేట రైఫిళ్లతో బాగా అనుభవం ఉన్నవాళ్లలో కూడా 20 దాటితే వరసగా గురి నిలుపుకునేవాళ్లు తక్కువ. 15 లోపు అయితే చాలామందికి ఇబ్బంది ఉండదు. ఈ అంకెలు బుల్లెట్‌ను బట్టీ తూటాలోని పేలుడు మందును బట్టీ ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి, కానీ వరస మారదు.

దెబ్బ ఎంత పెద్దదన్నదే కాదు, ఎంత వేగంగా వస్తుందన్నదీ ఒంటికి తెలుస్తుంది. ఒకే బరువు మూటను మెల్లగా భుజాన పెట్టడం వేరు, ఎదురుగా నిలబడి విసరడం వేరు. ఆ .300 సెకనుకు నాలుగున్నర మీటర్ల వేగంతో వెనక్కి వస్తే, అదే బరువున్న .308 మూడు మీటర్ల పైచిలుకుతో వస్తుంది. .308 తోస్తుంది, .300 కొడుతుంది అని షూటర్లు అనేది ఇందుకే.

ఇక షాపులో చూపించిన రైఫిల్. ఆడవాళ్లకూ పిల్లలకూ చిన్నదీ తేలికైనదీ ఇవ్వాలన్న ఆలోచన మోయడం వరకు సరే. కాల్చడం దగ్గరికి వచ్చేసరికి తలకిందులు. ఒకే తూటాకు రైఫిల్ బరువు ఎంత తగ్గితే వెనక్కి తన్నే శక్తి అంత పెరుగుతుంది. 3.6 కిలోల్లో 15 ఉన్న .308, ఆ 2.7 కిలోల రైఫిల్‌లో 20 అవుతుంది. అంటే మీ సౌకర్యం కోసమని చెప్పి చేతిలో పెట్టింది .30-06 తన్నును. పైగా అలాంటి రైఫిళ్లకు సన్నటి బ్యారెల్, సన్నటి స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం), దాని చివర పల్చటి ప్యాడ్ ఉంటాయి. రోజంతా కొండలెక్కుతూ మోసి ఒక్క తూటా పేల్చే, ఎన్నో వేటలు చేసిన మనిషికి అవి పనికొస్తాయి. జంకు పోగొట్టుకోవాల్సిన మనిషికి పనికిరావు. కొండ మీద ఇంకో కిలో మోయడం కష్టమే, కాదనను. ఆ కిలో మీ సంచీలోంచి తగ్గించండి, రైఫిల్‌లోంచి వద్దు.

బావగారి మాటలో సగం నిజం ఉంది. మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, భుజం ఎముకలు గట్టివి, కండ దళసరి. జింకకు సరిపోయిన మెత్తటి బుల్లెట్ అక్కడ చాలకపోవచ్చు. కానీ లోతుగా దిగే గుణాన్ని ఆయన మ్యాగ్నమ్‌లో వెతుకుతున్నారు. అది ముఖ్యంగా బుల్లెట్‌లో ఉంటుంది. దీనికి వేట ప్రపంచంలో పేరుపడ్డ ఉదాహరణ ఒకటుంది. జాన్ నోస్లర్ 1946లో కెనడాలో మూస్ అనే భారీ జింక వేటకు వెళ్లినప్పుడు ఆయన చేతిలో ఉన్నది చిన్న రైఫిల్ కాదు, .300 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్. బుల్లెట్లు బురద పట్టిన చర్మానికీ కండకూ తగిలి పైపైనే చితికిపోయాయి, లోపలికి దిగలేదు. ఆయన ఇంటికి వచ్చి ఇంకా పెద్ద రైఫిల్ కొనలేదు. సీసాన్ని రెండు గదులుగా విడదీస్తూ మధ్యలో రాగి మిశ్రమపు అడ్డుగోడ ఉన్న బుల్లెట్ తయారుచేశాడు. ముందు గది విచ్చుకుంటుంది, వెనక గది చెక్కుచెదరకుండా లోపలికి తోసుకుపోతుంది. అదే పార్టిషన్ బుల్లెట్, ఇప్పటికీ అమ్ముతున్నారు. ఆ తర్వాత సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ బుల్లెట్లూ, పూర్తిగా రాగితోనే చేసిన బార్న్స్ టీఎస్ఎక్స్ లాంటివీ వచ్చాయి. ఇలాంటి బుల్లెట్ వేసిన ఓ మోస్తరు రైఫిల్, మెత్తటి బుల్లెట్ వేసిన మ్యాగ్నమ్ కన్నా ఎల్క్ భుజంలోకి నమ్మకంగా దిగుతుంది.

స్వీడన్‌లో 6.5×55తో వందేళ్లకు పైగా మూస్‌ను వేటాడుతున్నారు. మూస్ ఎల్క్ కన్నా పెద్దది. మనవాళ్లకు బాగా తెలిసిన జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టింది .275 రిగ్బీతో. అది 7×57 మౌజర్ తూటాకే ఇంకో పేరు, మీకు నేను చెప్పబోయే 7 ఎంఎం-08కి శక్తిలో దగ్గరి చుట్టం. అదే తూటాతో ఆఫ్రికాలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ వందల ఏనుగులను పడగొట్టాడు. బెల్ దారి మాత్రం ఎవరికీ ఆదర్శం కాదు. విచ్చుకోని గట్టి బుల్లెట్‌ను దగ్గర నుంచి సరిగ్గా మెదడులోకి పంపగల నేర్పు ఆయనది. ఇప్పుడు ఆఫ్రికాలో చాలాచోట్ల ఏనుగు, అడవి దున్న లాంటి ప్రమాదకరమైన జంతువులకు .375 కన్నా చిన్నది ఒప్పుకోరు, అది సబబే. మీరు వెళ్తున్నది ఎల్క్‌కి. తిరగబడి మీద పడే జంతువు కాదు కాబట్టి ఆ లెక్క మీకు వర్తించదు.

అయితే ఉన్న .243 తోనే వెళ్లొచ్చు కదా అనిపిస్తుంది. కొన్నిచోట్ల చట్టం ఒప్పుకుంటుంది కూడా. ఉదాహరణకు కొలరాడోలో కనీసం .24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల బుల్లెట్ ఉంటే ఎల్క్‌ను కొట్టొచ్చు. మీ పర్మిట్ ఎక్కడిదో అక్కడి నియమం చూసుకోండి. నా మాట మాత్రం వద్దనే. పక్కకు తిరిగి నిలబడ్డ ఎల్క్‌కు భుజం వెనక పక్కటెముకల మీద తగిలితే .243 పనిచేస్తుంది. కాస్త ఏటవాలుగా నిలబడి, బుల్లెట్ భుజం ఎముకను దాటి వెళ్లాల్సి వస్తే మిగులు ఉండదు. దెబ్బ తిని పారిపోయిన జంతువును చీకట్లో వెతకడం కన్నా ఆ ఏటవాలు షాట్ వదిలేయడం మేలని మీరు అనుకోగలిగితే సరే. కానీ మొదటిసారి ఎల్క్ ఎదురుగా నిలబడ్డప్పుడు అంత నిగ్రహం ఉంటుందని ముందే పందెం కాయకండి.

కాబట్టి మీకు నేను చెప్పేది 7 ఎంఎం-08. స్కోప్, తూటాలు, పట్టీ అన్నీ కలిపి మూడున్నర కిలోలకు తగ్గని బోల్ట్ యాక్షన్ (ఒక్కో తూటాకూ చేత్తో బోల్ట్ లాగే) రైఫిల్. అందులో 140 గ్రెయిన్ల పార్టిషన్ కానీ, ఆ బరువుకు కాస్త అటూ ఇటూగా రాగి బుల్లెట్ కానీ. ఇది .308 తూటా మెడనే 7 ఎంఎంకి సన్నం చేసి 1980లో రెమింగ్టన్ తెచ్చిన తూటా. ఎల్క్‌కి బుల్లెట్ తగిలేచోట 1,500 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలని పాతకాలపు లెక్క ఒకటి చెబుతుంటారు. దాన్ని నేను వేదవాక్కుగా తీసుకోను, అయినా 7 ఎంఎం-08 ఆ గీతను 300 గజాల దాకా దాటుతూనే ఉంటుంది. అంతకన్నా దూరం మీరు ఈ సీజన్‌లో కొట్టే పనే పెట్టుకోకండి. 6.5 క్రీడ్‌మూర్ తన్ను ఇంకాస్త తక్కువ, తూటాలూ ఎక్కడైనా దొరుకుతాయి. ఎల్క్‌కి బుల్లెట్ బరువు, వెడల్పు ఓ పిసరు ఎక్కువ ఉండటం నాకు ఇష్టం కాబట్టి 7 ఎంఎం వైపు మొగ్గుతున్నాను. మీ చేతికి నప్పిన రైఫిల్ 6.5 లోనే దొరికితే నా మాట కోసం వదులుకోవద్దు. .308 కూడా మంచిదే, దానికి తక్కువ తన్ను కోసం మందు తగ్గించి చేసిన తూటాలు దొరుకుతాయి. అవి సాధనకు చాలా ఉపయోగం. వేటలో వాడితే మాత్రం దూరం 200 గజాల లోపు పెట్టుకోవాలి, ఎందుకంటే వేగం తగ్గితే బుల్లెట్ సరిగా విచ్చుకోదు.

ఇప్పుడు అందరూ దాటేసే విషయానికి వస్తాను. మీ కనుబొమ చిట్లిందంటే అది మ్యాగ్నమ్ తప్పు ఒక్కటే కాదు. ఆ రైఫిల్ మీ బావగారి చేతుల కొలతకు ఉంది. ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివర దాకా ఉండే పొడవు మామూలుగా పదమూడున్నర అంగుళాల పైన ఉంటుంది. మీకు అది ఎక్కువైతే ఏమవుతుందో చూడండి: స్టాక్ భుజం గుంటలో కుదురుగా కూర్చోక, భుజం కీలు మీదకో చేతి కండ మీదకో జారుతుంది. స్కోప్‌లో పూర్తి బొమ్మ కనబడక మెడ ముందుకు సాచుతారు. సాచిన మెడ చివర ఉన్నది మీ కన్ను. రైఫిల్ వెనక్కి వచ్చినప్పుడు దాన్ని ఆపడానికి గట్టిగా ఆనిన భుజం లేదు, ముందే దగ్గరికి తెచ్చిన ముఖం మాత్రం ఉంది.

అందుకే కొనేముందు ఈ పరీక్ష చేయండి. వేటలో వేసుకునే దళసరి జాకెట్ వేసుకునే షాపుకి వెళ్లండి. రైఫిల్ ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకుని, సురక్షితమైన వైపు తిప్పి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. చెంప స్టాక్ మీద హాయిగా ఆనాక కళ్లు తెరవండి. మెడ కదపకుండానే స్కోప్‌లో నిండు గుండ్రటి బొమ్మ కనబడాలి. అంచుల్లో నల్లటి నీడ కనబడితే ఆ రైఫిల్‌కో స్కోప్ బిగింపుకో సవరణ కావాలి. ట్రిగ్గర్ చేతి బొటనవేలికీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలి. ఇప్పుడు చాలా రైఫిళ్లకు స్టాక్ చివర పలకలు కలిపో తీసో పొడవు సరిచేసుకునే వీలుంది, అలాంటిది చూడండి. స్టాక్ పైగీత కిందికి వంగకుండా బ్యారెల్‌తో సూటిగా ఉన్నది తీసుకోండి. వంగిన స్టాక్ పేలినప్పుడు పైకి లేచి చెంపను కొడుతుంది, సూటిది నేరుగా వెనక్కి తోస్తుంది. అంగుళం మందమున్న మెత్తటి రబ్బరు ప్యాడ్ తప్పనిసరి. లింబ్‌సేవర్, పాచ్‌మేయర్ డీసెలరేటర్ లాంటివి రైఫిల్‌తో రాకపోయినా విడిగా బిగించుకోవచ్చు, కానీ వాటితో స్టాక్ పొడవు పెరగకుండా చూసుకోండి.

స్కోప్ కూడా అంతే జాగ్రత్తగా ఎంచుకోండి. కంటికీ స్కోప్‌కీ మధ్య నాలుగు అంగుళాలకు దగ్గరగా ఎడం ఇచ్చేది కావాలి. కొన్ని జూమ్ స్కోపుల్లో సైజు పెంచేకొద్దీ ఆ ఎడం తగ్గుతుంది, కాబట్టి అత్యధిక జూమ్ దగ్గర పెట్టి చూడండి. పడుకుని కాల్చినప్పుడూ, ఎత్తున ఉన్న జంతువు మీద గురి పెట్టినప్పుడూ కన్ను ఇంకా దగ్గరికి పోతుంది. షాపులో నిలబడి చూస్తే ఇది తెలియదు.

మజిల్ బ్రేక్ సంగతి. పనిచేస్తుంది, నిజమే. మ్యాగ్నమ్ తన్నును మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించేవి ఉన్నాయి. కానీ వాయువును పక్కలకూ వెనక్కూ మళ్లించి ఆ పని చేస్తుంది కాబట్టి పేలుడు చప్పుడు మీ చెవుల మీదా పక్కవాళ్ల చెవుల మీదా పడుతుంది. వేట రైఫిల్ చప్పుడు బ్రేక్ లేకుండానే 160 డెసిబెల్స్‌కి అటూ ఇటూగా ఉంటుంది. ఇలాంటి హఠాత్తు చప్పుళ్లకు చెవి ఓర్చుకునే హద్దు 140 అంటారు. అడవిలో ఆకుల అలికిడి వినాలని చాలామంది చెవులు మూసుకోరు. బ్రేక్ ఉన్న మ్యాగ్నమ్‌ను అలా ఒక్కసారి పేల్చినా చెవిలో మిగిలే గుయ్‌మనే మోత జీవితాంతం ఉండిపోవచ్చు. పైగా మీ జంకులో సగం వాటా చప్పుడుదే. దెబ్బ తగ్గించి చప్పుడు పెంచితే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే. మీరున్న చోట చట్టం ఒప్పుకుంటే బ్యారెల్ కొనకు బిగించే చప్పుడు తగ్గించే గొట్టం, అంటే సప్రెసర్, అన్నిటికన్నా మేలు, తన్నూ తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. బ్యారెల్ కొనన కొంత బరువు, పొడవు పెరుగుతాయి, అంతే.

ఇక కళ్లు మూసుకుపోవడం ఎలా పోగొట్టాలన్నది. కొన్ని రోజులు పెద్ద రైఫిల్ జోలికి పోకండి. తన్ను దాదాపు లేని .22 రైఫిల్‌తో, చెవుల్లో ప్లగ్గులూ పైన మఫ్ఫులూ రెండూ పెట్టుకుని కాల్చండి. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో గోడ మీద చుక్కను చూస్తూ ట్రిగ్గర్ మెల్లగా నొక్కే సాధన చేయండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. అది స్థిరపడ్డాక మీ ఆయన్ని పనిలో పెట్టండి: .243 మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య డమ్మీ తూటాలు మీకు తెలియకుండా కలిపి ఇవ్వమనండి. మీరు నొక్కుతారు, టక్కుమంటుంది, పేలదు. ఆ క్షణంలో బ్యారెల్ కొన ఏం చేస్తుందో చూడండి. కిందికి దూకితే జంకు ఇంకా ఉన్నట్టు. కదలకుండా నిలబడ్డప్పుడు పేలుడుకు మీరు సిద్ధమైనట్టు. మొదటి రెండు రోజులు చూడటానికి సిగ్గేస్తుంది, అందరికీ అంతే. ఎన్నో ఏళ్లుగా కాలుస్తున్న మగాళ్ల బ్యారెళ్లూ ఇలాగే దూకుతాయి, వాళ్లు డమ్మీలు పెట్టి చూసుకోరు అంతే తేడా.

కొత్త రైఫిల్ వచ్చాక టేబుల్ మీద స్కోప్ సరిచేసుకోవడానికి ఎన్ని కావాలో అన్నే కాల్చండి. టేబుల్ మీదకు వంగినప్పుడు ఒళ్లు వెనక్కి కదలడానికి చోటుండదు, దెబ్బంతా భుజమే మింగాలి. మీకు మూడు తూటాలకే అంత కమిలిపోవడానికి అదీ ఒక కారణం. భుజానికీ స్టాక్‌కీ మధ్య చిన్న ఇసుక సంచీ పెట్టుకోండి, ఎవరూ నవ్వరు. స్కోప్ కుదిరాక టేబుల్ వదిలేసి కూర్చునీ, మోకాళ్ల మీదా, కర్రల ఆసరాతోనూ కాల్చండి. అడవిలో కాల్చేది అలాగే, ఆ భంగిమల్లో నడుము కూడా దెబ్బను పంచుకుంటుంది. రోజుకు పదిహేను తూటాలు చాలు. గురిపలక మీద చివరి తూటాల గుంపు మొదటిదాని కన్నా విచ్చుకుపోతుంటే, లెక్క పూర్తి కాకపోయినా ఆ రోజుకు ఆపేయండి.

బావగారి రైఫిల్ ఆయనకు తిరిగి ఇచ్చేయండి. ఆయన ఇంకా ఒప్పుకోకపోతే వాదించకుండా సీజన్‌కు ముందొకసారి రేంజ్‌కి రమ్మనండి. 200 గజాల దూరంలో పది అంగుళాల ఇనుప పలక వేలాడదీయించండి. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడుగు వెడల్పు పైనే ఉంటుంది, కాబట్టి ఇది న్యాయమైన కొలతే. ఇద్దరూ నేల మీద కూర్చుని, టేబుల్ లేకుండా, చెరో ఐదు తూటాలు కాల్చండి. మీవి ఐదూ పలకకు తగిలితే 7 ఎంఎం-08తోనే వేటకు వెళ్లండి. నాలుగే తగిలితే 150 గజాల దగ్గరికి జరిపి మళ్లీ మొదలుపెట్టండి. ఏ దూరంలో ఐదుకు ఐదూ తగిలాయో, ఈ సీజన్‌కి మీ హద్దు అదే.